ఏడుగురికీ ఒకే పుట్టినరోజు

మా మిషన్ స్కూల్లో పేము కుర్చీ అంటే మాటలు కాదు. అది బంగళా వరండాలో, మేనేజరు దొరసాని గారి బల్లకి ఎదురుగా ఉండేది. స్కూళ్ళ ఇన్‌స్పెక్టరు వస్తే అందులో కూర్చునేవాడు. గుంటూరు నుంచి పెద్ద పాదిరి గారు వస్తే ఆయన కూర్చునేవారు. పిల్లలం దాని దరిదాపులకు కూడా పోకూడదు. ఏడాదికి ఒక్కరోజు మాత్రం, జనవరిలో ఒక శనివారం నాడు, ఆరో ఫారం పిల్లల్ని ఒక్కొక్కరినే పిలిచి అందులో కూర్చోబెట్టేవారు. దొరసాని గారు నల్ల అట్ట పుస్తకం తెరిచి, "నీవు ఏమి కాగోరుచున్నావు?" అని అడిగేవారు. ఆవిడది బైబిలు చదివి నేర్చుకున్న తెలుగు. బెండకాయలు బేరమాడినా ఆ తెలుగులోనే ఆడేవారు. మనం చెప్పిన జవాబు ఆ పుస్తకంలోకి ఎక్కేది. ఎక్కిందంటే ఇక ఆ పిల్ల బతుకు ఆ దారినే పోతుందని మా అందరి నమ్మకం.

నేను ఒకటో ఫారంలో నరసరావుపేట బోర్డింగుకి వచ్చిన నాటినుంచే ఆ కుర్చీ మీద కన్నేశాను. అయిదేళ్ళు కాచుకున్నాను. ఎవరూ లేనప్పుడు వరండా ఊడ్చే వంతు నాదైతే, చీపురు పక్కన పెట్టి ఆ కుర్చీ చేతులు రెండూ ఒకసారి తడిమి చూసి వచ్చేదాన్ని. కూర్చోలేదు. కూర్చుంటే ఆ రోజు వచ్చేసరికి సంబరం తగ్గిపోతుందని నా భయం.

ఆడపిల్లలకి ఆ రోజుల్లో మూడు జవాబులు ఉండేవి. టీచరమ్మ అవుతాను, నర్సు అవుతాను, బైబిలు స్త్రీ అయి ఊరూరా తిరిగి సువార్త చెబుతాను. ఈ మూడింట్లో ఏది చెప్పినా దొరసాని గారు చిరునవ్వు నవ్వి రాసుకునేవారు. నా ముందు వెళ్ళిన అక్కలందరూ ఇవే చెప్పారు, చెప్పినట్టే అయ్యారు. మంచి పనులే అవి. కానీ నా జవాబు నాలుగోది. దాన్ని ఎవరికీ చెప్పకుండా ఏడాదిపాటు కడుపులో దాచుకున్నాను. నా నోటి సంగతి తెలిసినవాళ్ళకి అదెంత కష్టమో అర్థమవుతుంది.

ఆ జవాబు ఎక్కడ పుట్టిందో చెబుతాను. అయిదో ఫారంలో మాకు పని శనివారాలని ఉండేవి. పిల్లల్ని నాలుగు చోట్లకి పంపేవారు. కొందరు చిన్న తరగతులకి పాఠం చెప్పాలి, కొందరు కుట్టుపని గదికి, కొందరు తోటకి, కొందరు మిషన్ దవాఖానాకి. ఎవరి చెయ్యి దేనికి పనికొస్తుందో అలా చూసేవారన్నమాట. నన్ను మొదట కుట్టుపనికి పంపారు. నేను కుట్టిన దిండు గలీబుకి మూడు వైపులే మూసుకోవాల్సింది, నోరుండాల్సిన నాలుగో వైపు కూడా మూసుకుపోయింది. తోటకి పంపితే తోటమాలితో దెబ్బలాడాను. చివరికి, ఇక దీన్ని ఎక్కడ పెట్టాలో తెలియక దవాఖానాకి తోలారు.

గుంటూరు నుంచి వారానికొకసారి డాక్టరమ్మ వచ్చేవారు. మన తెలుగావిడే. ఆ రోజు ఒకామె పిల్లాణ్ణి ఎత్తుకొచ్చింది, వాడికి ఎగశ్వాస. డాక్టరమ్మ రబ్బరు గొట్టాలు చెవుల్లో పెట్టుకుని వాడి రొమ్ము మీద బిళ్ళ ఆనించి కళ్ళు మూసుకున్నారు. నేను గుడ్డలు మడతపెట్టడం మానేసి నోరు తెరుచుకుని చూస్తున్నాను. ఆవిడ కళ్ళు తెరిచి, "ఏమే, ఇట్టా రా" అన్నారు. తిడతారనుకున్నాను. ఆ గొట్టాలు తీసి నా చెవుల్లో పెట్టి, బిళ్ళ తీసుకెళ్ళి నా రొమ్ము మీదే ఆనించారు.

అబ్బో! ఏం చప్పుడది! లోపల ఎవరో వడ్లు దంచుతున్నట్టుగా ఉంది. "ఎవరమ్మా అది?" అని అడిగాను, తెలివితక్కువదాన్ని. ఆవిడ పకపకా నవ్వారు. "నువ్వేనే పిచ్చిమొద్దూ" అన్నారు. ఆ సాయంత్రం బోర్డింగుకి ఎలా నడిచొచ్చానో నాకు తెలియదు. అన్నం తిన్నానో లేదో కూడా తెలియదు. పక్క పిల్లల రొమ్ముల మీద చెవి పెట్టి వింటానని వెంటపడితే వార్డెనమ్మ చెవి మెలేసింది. గుంటూరులో ఇంటరు చదవాలి, ఆపైన డాక్టరు చదువు చదవాలి. అంతే! ఇక నాకు పట్టపగ్గాలు లేవు.

చివరికి ఆ శనివారం వచ్చింది. తలకి ఆముదం ఎక్కువ రాసుకున్నానేమో, నుదుటి మీదికి కారుతోంది. నన్ను పిలిచారు. పేము కుర్చీలో కూర్చున్నాను. కూర్చోగానే అది కిర్రుమంది. నా గుండె ఆగినంత పనయింది, విరిగిందేమోనని.

"నీవు ఏమి కాగోరుచున్నావు?"

"డాక్టరు" అన్నాను. ఏడాదిపాటు దాచిన మాట కదా, అది మామూలు గొంతుతో రాలేదు. తోటలో ఉన్న తోటమాలి కూడా తలెత్తి చూశాడు.

దొరసాని గారు కలం కిందపెట్టారు. తర్వాత, నా లెక్కల మార్కులు, సైన్సు మార్కులు ఉన్న కాగితం తీసి చూశారు. "ఈ ఏటికి కాలేజీకి ఒక్క ఆడపిల్లను సిఫారసు చేయుటకు నాకు అధికారము కలదు. ఇంతవరకు ఎవరును అడుగలేదు" అన్నారు. అని, కలం తీసి, పుస్తకంలో రాసేశారు! నా కళ్ళముందే రాసేశారు. నేను కుర్చీలోంచి లేచి గంతెయ్యబోయి తమాయించుకున్నాను.

ఆ తర్వాత అర్జీ ఫారం తీశారు. స్కూలు రిజిస్టరు చూసి ఒక్కొక్క గడీ నింపుతున్నారు. పుట్టిన తేదీ దగ్గరికి వచ్చి ఆగారు. వేళ్ళ మీద లెక్కపెట్టారు. గోడ మీది క్యాలెండరు చూశారు. మళ్ళీ లెక్కపెట్టారు.

"కాలేజీలో చేరుటకు పదిహేనేండ్లు నిండవలెను. జూన్ నాటికి నీకు పద్నాలుగేండ్ల ఏడు నెలలే అగును."

"నాకు పద్నాలుగేంటండీ!" అన్నాను. బోర్డింగులో పొడుగు వరసలో నేనే చివర నిలబడేదాన్ని. అయితే ఒక సంగతి ఒప్పుకోవాలి. రిజిస్టరు ప్రకారం క్లాసులో అందరికన్నా చిన్నదాన్ని నేనే. ఇంత చిన్న వయసులో ఆరో ఫారమా అని టీచర్లు మెచ్చుకుంటే, ఆ ఆరేళ్ళూ నేను ముసిముసిగా నవ్వుకుంటూ ఆ మెప్పంతా జేబులో వేసుకున్నానే తప్ప, నిజంగా నా వయసెంత అని ఎన్నడూ లెక్కేసుకోలేదు. మా పల్లెలో నాన్న పెట్టిన బళ్ళో, రెండో తరగతి ఎగరేసి నన్ను మూడులోకి దూకించాడు, అందుకే చిన్నదాన్ననుకున్నాను.

అప్పుడే నాకు తల మీద మొట్టికాయ పడినట్టయింది. ఆ తేదీ నాకు తెలుసు. బాగా తెలుసు. అది నా ఒక్కదానిదే కాదు.

నకరికల్లు దగ్గర మా పల్లె. ఊరికి విడిగా, చేలకు అడ్డంపడి వెళితే వచ్చేది. నేను చంకలో ఉన్న రోజుల్లో ఒక చలికాలం మిషన్ దొరగారు గుడారాలు వేసుకుని వచ్చి, వాగు ఒడ్డున మా పల్లెలో ఇంటింటివాళ్ళకీ ఒకేసారి బాప్తిస్మం ఇచ్చారు. ఆ రోజు తల్లుల చంకల్లో ఉన్నవాళ్ళం ఏడుగురం. తర్వాత మా నాన్నే మిషన్ పంతులై పల్లెలో బడి పెట్టాడు. మేం ఏడుగురం పలక పట్టుకుని వెళితే, రిజిస్టరులో పుట్టిన తేదీ గడిలో ఏడుగురికీ ఆ వాగు దగ్గరి తేదీనే రాశాడు. ఏదో తెలియక రాయలేదు. కావాలనే రాశాడు. మనిషి నిజంగా పుట్టేది ఆ రోజే అని మా నాన్న వాదన. ఏటేటా ఆ తేదీన ఏడుగురినీ చర్చిలో వరసగా నిలబెట్టి, ప్రార్థన చేసి, అందరికీ బెల్లమూ శనగలూ పంచేవాడు. నలుపూ తెలుపూ, పొట్టీ పొడుగూ, ఏడుగురు కవలలం.

దొరసాని గారికి ఇదంతా గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను. ఆవిడకి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "మీ గ్రామ మునసబు వద్ద జనన మరణముల పుస్తకము ఉండును. అందలి నకలు తెమ్ము. పది దినములలో తేవలెను. ఆ మీదట అర్జీ పంపుటకు వీలుపడదు" అని నాన్నకి చీటీ రాసి ఇచ్చారు. నేను తిరిగి రాకపోతే నా పేరు కొట్టేస్తారా అని అడిగాను. ఆవిడ గోడ మీది క్యాలెండరు వైపు వేలు చూపించారు.

యుద్ధం రోజులు. పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచేవి. బస్సు వెనకాల పెద్ద డ్రమ్ము, దాంట్లో బొగ్గు, క్లీనరు చేత్తో చక్రం తిప్పి తిప్పి మంట రాజేసేవాడు. అది ఎప్పుడు కదులుతుందో దేవుడికే తెలియాలి. నేను కిటికీలోంచి తల బయటపెట్టి, "ఇంకా గట్టిగా తిప్పన్నా!" అని ఒకటే అరుపులు. "నువ్వు దిగి తిప్పరాదే, అంత తొందరుంటే!" అన్నాడు క్లీనరు. దిగి తిప్పాను కూడా. మొహమంతా మసి. మసి మొహంతోనే ఇల్లు చేరాను.

గుమ్మంలోనే చెప్పేశాను. "నాన్నా, నన్ను డాక్టరు చదువుకి రాసుకున్నారు! రేపే మునసబు గారి దగ్గరికి పోవాలి, నేను ఎప్పుడు పుట్టానో నకలు తేవాలి!"

అమ్మ చేటలో బియ్యం పోసుకుని చెరుగుతోంది, చేట అలాగే పట్టుకుని లేచి నిలబడింది. నాన్న మొహం మొదట వెలిగిపోయింది. చీటీ చదివాడు. రెండోసారి చదివాడు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఆ తేదీలో తప్పేం లేదు" అన్నాడు.

"ఏంది నాన్నా, తప్పు లేకపోవటం? ఆ తేదీ ఉంటే నన్ను చేర్చుకోరంట!"

"అయితే ఒక ఏడాది ఆగు. వచ్చే ఏడు నిండుద్ది."

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడాది ఆగితే ఆ సిఫారసు ఉంటుందా? వేరే పిల్లకి పోదా? దొరసాని గారు అమెరికాకి సెలవు మీద పోతే? ఆ వచ్చేవాళ్ళు ఆడపిల్లకి డాక్టరు చదువేంటంటే? అన్నీ అడిగాను. "రిజిస్టరులో తప్పు రాశావని ఇన్‌స్పెక్టరు ఉద్యోగం తీసేస్తాడని భయమా?" అని కూడా అనేశాను. మా ఇంట్లో నాన్నని ఎవరూ అలా అనరు. ఆయన చొక్కా తగిలించుకుని బయటికి వెళ్ళిపోయాడు.

అమ్మ చేట కింద పెట్టింది. "నొప్పులు పడింది నేను. నువ్వు ఎప్పుడు పుట్టావో నన్ను అడగరేందే ఒక్కళ్ళూ? మిరపకోతలప్పుడు పుట్టావు. మూడో కోత నాడు. పొద్దున్నే చేలోకి పోయా, ఎండెక్కేసరికి ఇంటికొచ్చా, నువ్వు పుట్టావు. ఆ వాగు దగ్గరికి పోయేసరికి నీకు నడకొచ్చింది. దొరగారి గడ్డం పీకావు కూడా."

"మరి నాన్నకేంది బాధ?"

అమ్మ గుమ్మం వైపు చూసి, గొంతు తగ్గించింది. "నీ పుట్టుక మునసబు పుస్తకంలో ఉండటమైతే ఉంటది, అప్పుడే తలారి పోయి చెప్పి రాయించాడు. అయితే అందులో తండ్రి పేరు కాడ ఇప్పటి పేరు ఉండదే. అప్పటి పేరుంటది."

అప్పుడర్థమైంది. బాప్తిస్మంలో నాన్న కొత్త పేరు తీసుకున్నాడు. దానికి ముందు ఆయనకి ఒక పేరుండేది. అదేంటో నాకు తెలియదు. పల్లెలో అందరూ పంతులు గారనేవాళ్ళు. ఒకసారి మా పెద్దమ్మ ఇంట్లో భోజనాల దగ్గర ఒక ముసలాయన నవ్వుతూ ఆ పేరు ఎత్తబోతే, నాన్న తింటున్న విస్తరి ముందునుంచి లేచిపోయాడు. నాకు ఏడేళ్ళుంటాయి. చెయ్యి కడుక్కోకుండా ఇంటిదాకా నడిచాడు.

"ఆ పేరు చెడ్డదా?" అని అడిగాను.

"చెడ్డదేం కాదు. అమ్మవారి పేరు. మీ తాత పెట్టాడు. ఆ మునసబు ఇంట్లోనే మీ నాన్న పదేళ్ళు పాలేరు పని చేశాడు. పొద్దున లేచినకాడి నుంచి ఆ ఇంట్లో చిన్నపిల్లోడు కూడా ఒరేయ్ అని ఆ పేరు పెట్టి కేకేసేవాడు. గొడ్డుని కూడా మంచిగా పిలిచేవాళ్ళు. ఆ పేరు వాగులో పారేశానని మీ నాన్న అనుకుంటన్నాడు. ఇప్పుడు ఆ వాకిట్లోకే పోయి, అది నాదేనని చెప్పి తెచ్చుకోవాల."

ఇక నోరెత్తలేదు. నా జీవితంలో నేను నోరెత్తకుండా ఉన్న పూట అదొక్కటేనని అమ్మ తర్వాత చాలాసార్లు చెప్పేది. డాక్టరు చదువు వద్దులే అనుకుందామని చూశాను. కానీ మనసు ఒప్పుకోలేదు. ఆ వడ్లు దంచే చప్పుడు మళ్ళీ చెవుల్లో వినపడుతోంది. నాన్న మీద జాలి, చదువు మీద ఆశ, రెండూ కలిసి కుదురుగా కూర్చోనివ్వలేదు.

తెల్లారి లేచేసరికి నాన్న గెడ్డం గీసుకుని, చాకిరేవు నుంచి వచ్చిన పంచె కట్టుకుని, చర్చికి వేసుకునే కోటు వేసుకుని నిలబడి ఉన్నాడు. "ఏమే, ఇంకా జడేసుకోలా? పద పద" అన్నాడు. అంతే. నేను సగం జడతోనే పరిగెత్తాను.

మునసబు గారి ఇల్లు ఊరి నడుమ. ఎత్తయిన అరుగు, మంచి నాపరాళ్ళు పరిచింది. ఆయన అరుగు మీద కూర్చుని ఉన్నాడు, పక్కన ఇద్దరు రైతులు. మేం కింద వాకిట్లో నిలబడ్డాం. మావాళ్ళు ఎవరొచ్చినా అక్కడే నిలబడాలి. నేను బోర్డింగులో బెంచీల మీద, మొన్ననే పేము కుర్చీలో కూర్చుని వచ్చినదాన్ని. ఆ వాకిట్లో నిలబడటం నాకు కాళ్ళలో తేళ్ళు పాకినట్టుంది. నాన్న మాత్రం కదలకుండా నిలబడ్డాడు.

"ఏం పంతులూ, ఇట్టా వచ్చావు?" అన్నాడు మునసబు. మనిషి మొరటే గానీ, దుర్మార్గుడు కాదు. నాన్న సంగతి చెప్పాడు. ఆయన లోపలికి కేకేసి పాత దస్త్రం తెప్పించాడు. ఎర్రగుడ్డలో కట్టిన మూట. దుమ్ము దులిపి, కట్టు విప్పి, ఉమ్మి తడి చేసుకుంటూ పేజీలు తిప్పుతున్నాడు. నేను మునికాళ్ళ మీద లేచి చూస్తున్నాను.

"మాఘమాసం... ఆడపిల్ల... ఆఁ, ఇదిగో ఉంది" అన్నాడు.

నేను ఎగిరి గంతేశాను. వాకిట్లో కోళ్ళు చెదిరిపోయాయి. నేను ఉన్నాను! ఆ పుస్తకంలో నేనున్నాను! పుట్టినప్పటినుంచీ అక్కడ ఎర్రగుడ్డలో పడుకుని ఉన్నాను.

"ఉండు, ఉండు" అన్నాడు మునసబు. "నీ పేరేంది పంతులూ, నకల్లో రాయాలి."

నాన్న తన పేరు చెప్పాడు.

"ఆ పేరుగలోడు నా పుస్తకంలో లేడు. ఈ పిల్ల తండ్రి పేరు వేరే ఉంది. అది నువ్వేనా?"

"నేనేనండీ."

"నేనేనంటే కుదరదు. పేరు పలకాల. సాక్షుల ముందు పలకాల. నాకు తెలుసు, నీకు తెలుసు, కొట్టంలో గొడ్లకి కూడా తెలుసు. కాయితానికి తెలియొద్దా?"

రైతులిద్దరూ నవ్వారు. నాన్న నవ్వలేదు. ఆ కోటు గుండీల మీద ఆయన చెయ్యి ఉంది. చెవుల వెనకనుంచి చెమట కారుతోంది. ఆ వాకిట్లోనే కదా పదేళ్ళు పేడ ఎత్తింది, నీళ్ళు మోసింది. ఇక్కడే కదా ఆ కేక. నాకు మునసబు మీద, ఆ ఇద్దరి మీద, ఆ పుస్తకం మీద, అన్నిటికంటే నా మీద నాకు కోపమొచ్చింది. "నాన్నా, వద్దులే, పోదాం పద" అని ఆయన చెయ్యి పట్టుకుని లాగాను. నిజంగానే అన్నాను. అన్నాక ఏడుపొచ్చింది.

నాన్న నా చెయ్యి వదిలించుకున్నాడు. ఒక అడుగు ముందుకు వేశాడు. ఆదివారం చర్చిలో వెనక వరసలో నిద్రపోయే ముసలాళ్ళని కూడా లేపే గొంతొకటి ఆయనకుండేది. ఆ గొంతుతో, తాత పెట్టిన పేరు, పూర్తిగా, తాత ఎలా పెట్టాడో అలాగే పలికాడు.

అదే మొదటిసారి నేను మా నాన్న పేరు వినటం. ఈ రాతలో నేను ఎవరి పేరూ రాయలేదు, దాన్నీ రాయను. కానీ చానా మంచి పేరు. నాకు ఒళ్ళు పులకరించింది.

రైతులు నవ్వటం ఆపారు. మునసబు ఒకసారి తలెత్తి చూసి, కలం తీసుకున్నాడు. పాత పేరు రాసి, ఉరఫ్ అని రాసి, కొత్త పేరు రాశాడు. సాక్షుల చేత వేలిముద్రలు వేయించాడు. సంతకం చేసి, ముద్ర కొట్టి, కాగితం ఊదుతూ, "ఏం చదువుద్దంట పిల్ల?" అని అడిగాడు.

"డాక్టరు చదువండీ" అన్నాడు నాన్న.

"డాక్టరా! ఓరి దీని..." అని ఆగి, నన్ను పైనుంచి కిందికి చూశాడు. "అయితే ముందు మా ఇంట్లో ఆడోళ్ళని చూడాల. వాళ్ళు మగ డాక్టరు దగ్గరికి పోమని చచ్చిపోతన్నారు."

"చూస్తాను. అరుగు ఎక్కనిస్తే" అన్నాను. నోరు జారింది. నాన్న నా జడ పట్టుకుని గుంజాడు. మునసబు కళ్ళు పెద్దవి చేశాడు గానీ, కాగితం మాత్రం వెనక్కి తీసుకోలేదు.

తిరిగి వచ్చేటప్పుడు చేల గట్ల మీద నేను ముందు, నాన్న వెనక. కాగితం నా చేతిలో ఉంది. నాలుగు అడుగులు వెయ్యటం, తెరిచి చూసుకోవటం, మళ్ళీ నడవటం. మిరప చేలన్నీ ఎర్రగా కోతకి వచ్చి ఉన్నాయి. కోసే ఆడవాళ్ళు "ఏందే పిల్లా, ఆ గంతులు?" అని అడిగితే అందరికీ చెప్పుకుంటూ వచ్చాను. వాళ్ళు దాటాక, వెనక్కి తిరగకుండానే అడిగాను.

"కోపమొచ్చిందా నాన్నా నా మీద?"

"కోపం దేనికి?" అన్నాడు. కొంత దూరం నడిచాక మళ్ళీ అన్నాడు. "నువ్వు పుట్టిననాడు మంత్రసాని గుడ్డలో చుట్టి నిన్ను తెచ్చి చేతికిచ్చింది. చేలోంచి పరిగెత్తుకొచ్చి ఎత్తుకుంది ఆ పేరున్నోడే. పంతులు అప్పటికింకా లేడు. వాణ్ణి ఇన్నాళ్ళూ నేను ఇంట్లోకి రానివ్వలేదు."

కాగితం మళ్ళీ తెరిచి చూశాను, ఈసారి తేదీ కాదు, ఆ పేరు.

నాన్న నాతోపాటే బస్సెక్కి నరసరావుపేట వచ్చాడు. దొరసాని గారి ముందు నిలబడి, ఏడుగురికీ ఒకే తేదీ రాశానని, తప్పు నాదేనని, ఏ శిక్ష వేసినా సరేనని చెప్పాడు. ఆవిడ మొహం ఎర్రబడింది. ముందున్న పుస్తకం మూసి పక్కన పెట్టారు. చివరికి, "కుర్చీలో కూర్చుండుము" అన్నారు. నాన్న పేము కుర్చీలో కూర్చున్నాడు. అది కిర్రుమంది. నాకు చెప్పలేనంత నవ్వొచ్చింది. శిక్షేంటంటే, మిగతా ఆరుగురి పుట్టిన తేదీలు కూడా ఆయనే నెలలోగా సరిచేయించాలి.

ఆ నెలంతా మా పల్లెలో ఒకటే హడావుడి. ఆరుగురు తండ్రులూ మునసబు వాకిట్లో వరసకట్టి, పాత పేర్లు పలికి, నకళ్ళు తెచ్చుకున్నారు. నాన్న వాళ్ళ ముందు నిలబడి, "గట్టిగా పలకరా, సిగ్గెందుకు!" అని గదమాయించేవాడట. ఒకడు నాకంటే పెద్దవాడని తేలింది, ఒకతె నాకంటే ఎనిమిది నెలలు చిన్నదని తేలింది. "ఇన్నాళ్ళూ ఒక్కరోజు బెల్లంతో పోయేది, ఇప్పుడు ఏడుసార్లు పంచాలా?" అని అమ్మ విసుక్కుంది. పంచింది మాత్రం ఏడుసార్లూ పంచింది.

పరీక్ష పాసయ్యాను. జూన్‌లో ట్రంకుపెట్టె నెత్తిన పెట్టుకుని నాన్నా నేనూ గుంటూరు కాలేజీ ఆఫీసు ముందు నిలబడ్డాం. నా ముందు ఉన్నవాళ్ళంతా మగపిల్లలే, అందరూ చొక్కాలు గంజిపెట్టి వచ్చారు. నా వంతు వచ్చింది. కిటికీ అవతల గుమాస్తా తలెత్తకుండానే అడిగాడు.

"తండ్రి పేరు?"

రెండూ చెప్పాను. పాతది ముందు, కొత్తది తర్వాత, మధ్యలో ఉరఫ్. దాచుకున్న మాట మామూలు గొంతుతో రాదని ముందే చెప్పాను కదా. వరసలో అందరూ తిరిగి చూశారు.

"మెల్లిగా చెప్పవే, ఆయనకేం చెవుడు లేదు" అన్నాడు నాన్న. కానీ కోటు సర్దుకున్నాడు.

"గడి చిన్నది, ఏదో ఒకటి చెప్పమ్మా" అన్నాడు గుమాస్తా.

"రెండూ రాయండి" అన్నాను. సణుగుతూ రాశాడు. రెండో పేరు గడి దాటి పక్క గడిలోకి పోయింది.

తర్వాత పుట్టిన తేదీ దగ్గరికి వచ్చాడు. స్కూలు వాళ్ళు పంపిన కాగితంలో పాత తేదీ కొట్టేసి పైన కొత్తది రాసి ఉంది. గుమాస్తా అప్పుడు తలెత్తి, కళ్ళజోడు పైనుంచి మా ఇద్దర్నీ చూశాడు. "ఈ కొట్టివేతలేంది? ఈ తేదీన పుట్టిందని ఖాయమేనా?"

మునసబు ముద్ర ఉన్న నకలు తీద్దామని నేను సంచీలో చెయ్యి పెట్టాను. నాన్న ఆగలేదు. ట్రంకుపెట్టె కింద పెట్టి, కిటికీ దగ్గరికి వంగి, రెండు చేతులూ చాపి చూపించాడు.

"ఖాయమే బాబూ. మిరపకోతలప్పుడు, మూడో కోత నాడు. నేనే ఎత్తుకున్నా."